లాగు తీగ, నెట్టు తొడుగు

పాత మోటారు సైకిలును చేపట్టినవాడు దానికి మొట్టమొదట చేయదలచు మార్పు తరచుగా హ్యాండిల్ బారును గూర్చినదై యుండును. నడుమును నిటారుగా నిలిపి దూరప్రయాణములు చేయగోరువాడు ఎత్తైన బారును కోరును. 1950, 1960 దశకములలో లండను నగరమున నార్త్ సర్క్యులర్ రోడ్డు మీది ఏస్ కఫే ముంగిట గుమిగూడిన యువకులవలె, ముందునకు వంగి, గాలికి దేహమును తక్కువగా ఎదురొడ్డి, వేగమునే పరమార్థముగా నెంచువాడు పొట్టిగా వాలుగా నుండు బారును కోరును. ఈ రెండవ అభిరుచి ఎంతగా ప్రబలెననగా, 1960 దశకపు మధ్యభాగమున రాయల్ ఎన్‌ఫీల్డు సంస్థయే కాంటినెంటల్ జి.టి. అను 250 సి.సి. బండిని అట్టి పొట్టి పిడులతో తయారుచేసి అమ్మకమునకు పెట్టెను.

పైకి చూచిన ఇది అరపూట పని. క్లాంపుల బోల్టులు విప్పి, పాత బారును తీసి, క్రొత్తదానిని అమర్చి, లివర్లను దాని మీదికెక్కించి బిగించిన చాలునని తోచును. పెక్కు బండ్లలో బారుగొట్టపు వ్యాసము అంగుళములో ఎనిమిదింట ఏడు వంతులు, అనగా సుమారు 22 మి.మీ., గనుక ఒక కంపెనీ బారు మరొక కంపెనీ బండికి పట్టుటయు కద్దు. కాని బండి రోడ్డెక్కిన తరువాత వింతలు మొదలగును. ఎడమ వైపునకు త్రిప్పినపుడు ఎవరును తాకకయే ఇంజను వేగము పెరుగును. ఎత్తు ఎక్కునపుడు క్లచ్చు జారి ప్లేట్లు మాడిన వాసన వచ్చును. లివరు పట్టకున్నను ముందు బ్రేకు చక్రమును రాచుచునే యుండును. ఈ ఉపద్రవములకు మూలము బారులో లేదు. బారునుండి ఇంజనునకును, గేరుబాక్సునకును, చక్రమునకును పోవు కేబుళ్లలో నున్నది. ఆ కేబులు ఎట్లు పనిచేయునో తెలిసినవానికి ఈ చిక్కులన్నియు ఒకే సూత్రమునకు భిన్నరూపములుగా కానవచ్చును.

ఈ విషయమును వివరించుటకు రాయల్ ఎన్‌ఫీల్డు వారి పాత బుల్లెట్టుకంటె తగిన ఉదాహరణము మన దేశమున దొరకదు. ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణమున 1949లో ఉత్పత్తికి వచ్చిన 350 సి.సి. బుల్లెట్టు, 1955లో మద్రాస్ మోటార్స్ వారి భాగస్వామ్యముతో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడగా ఈ గడ్డపై కాలూని, తిరువొత్తియూరు కర్మాగారమునుండి సైన్యమునకు, పోలీసులకు, క్రమముగా సామాన్య గృహస్థులకు చేరెను. రెడ్డిచ్ కర్మాగారము 1967లో మూతపడినను ఇక్కడి ఉత్పత్తి ఆగలేదు. 70 మి.మీ. సిలిండరు వ్యాసము, 90 మి.మీ. స్ట్రోకు, 346 ఘన సెంటీమీటర్ల పరిమాణము గల ఆ యేకసిలిండరు యంత్రమును అదుపులోనుంచు బారు మీద నాలుగు కేబుళ్లు మొదలగును: కుడిచేతి వైపున యాక్సిలేటరుదియు, ముందు బ్రేకుదియు; ఎడమచేతి వైపున క్లచ్చుదియు, చిన్న లివరుతో పనిచేయు డీకంప్రెసరుదియు. ఈ చివరిది ఒక వాల్వును రవంత తెరచి, సిలిండరులోని ఒత్తిడిని సడలించి, కిక్కు కొట్టువాని కాలికి సాయపడును. అది వలసినదానికంటె బిగిసియున్నచో వాల్వు ఎన్నడును పూర్తిగా మూతపడదు. కంప్రెషను లేని ఇంజను ఎన్ని కిక్కులు కొట్టినను పలుకదు.

రాడ్డు నుండి తీగకు

కేబులు పుట్టుకకు ముందు చేతిబలమును దూరమునకు చేర్చుటకు యంత్రకారులకు గల సాధనము లోహపు కడ్డీయే. మన పల్లెలలో ఒకప్పుడు సర్వసాధారణమైన రాడ్ బ్రేకు సైకిలే దీనికి సాక్ష్యము. పిడిక్రింది లివరును నొక్కిన నిలువురాడ్డు పైకి లేచి, చక్రపు రిమ్మునకు బ్రేకు దిమ్మెలను ఒత్తును; వెనుకచక్రమునకు పోవు రాడ్డు మాత్రము ప్రతి మలుపు కడను ఒక మూలచేతి సాయముతో దిక్కు మార్చుకొనవలెను. రాడ్డు నమ్మకమైనదే, కాని ఋజుమార్గమున తప్ప నడువనేరదు. పిడిని ఒక అంగుళము పైకెత్తిన రాడ్డు పొడవును, మూలచేతుల స్థానమును తిరిగి సరిచేసికొనవలసినదే. చట్రములు స్ప్రింగుల మీద ఊగుచు, ముందు ఫోర్కు అటునిటు తిరుగుచు, యంత్రభాగములు దినదినము జటిలమగుచున్న కాలమున ఇట్టి మొండి కడ్డీతో పని సాగదు.

ఈ చిక్కునకు పరిష్కారమును 1896లో లండను వాసియైన ఎర్నెస్ట్ మానింగ్టన్ బౌడెన్ కనిపెట్టి 25,325వ సంఖ్యగల బ్రిటిష్ పేటెంటును పొందెను. ర్యాలీ సైకిళ్ల కర్మాగారమును నడపిన ఫ్రాంక్ బౌడెన్ వేరొకడు. ఇంటిపేరు ఒకటేయగుటచే ఈ కీర్తి పొరపాటున అతనికి దక్కుటయు గలదు. ఎర్నెస్ట్ బౌడెన్ చూపిన యుపాయము ఇది: గట్టి ఉక్కుతీగను స్ప్రింగువలె, కాని చుట్టునకు చుట్టు తగులునట్లు, దగ్గరగా చుట్టి ఒక గొట్టముగా చేయుట, ఆ గొట్టములో సన్నని పేనిన తీగను జొనుపుట, గొట్టపు రెండు కొనలను రెండు స్థిరమైన ఆనికలకు ఆనించి, లోపలి తీగను మాత్రము లాగుట. గొట్టము ఎటు వంగినను తీగ దానితో వంగును. ఒక కొనను ఎంత లాగిన రెండవ కొన అంత కదలును. మోటారు షాపులలో ఇన్నరు, అవుటరు అని పిలువబడుచున్నవి ఈ రెండే.

రెండు పొడవుల భేదము

ఈ సాధనమును చూచువారిలో నూటికి తొంబదిమంది లోతీగయే పనిచేయుచున్నదనియు, తొడుగు దానికి దుమ్ము తగులకుండ కాచు వస్త్రమువంటిదనియు భావింతురు. నిజమునకు పనిలో సగము తొడుగుదే. లోతీగను 30 కిలోల బలముతో లాగినపుడు ఆ తీగ తన రెండు కొనలను ఒకదానివైపునకు ఒకటి ఈడ్వజూచును. ఆ కొనలు దగ్గరకు రాకుండ వాని నడుమ నిలిచి, సరిగా 30 కిలోల బలముతో ఎదురునెట్టునది తొడుగు. న్యూటను చెప్పిన చర్య ప్రతిచర్యల సమానత్వము ఇక్కడ ఒకే కేబులు లోపలను వెలుపలను కొలువుదీరి యున్నది. తొడుగు కొనను ఆనిక నుండి తప్పించి లివరు పట్టిన, క్లచ్చు కదలుటకు బదులు తొడుగే పాములా ముడుచుకొని పోవును గాని పని జరుగదు.

దీనినిబట్టి ఒక ముఖ్యఫలితము తేలుచున్నది. కేబులు బిగుతును నిర్ణయించునది లోతీగ పొడవును కాదు, తొడుగు పొడవును కాదు. ఆ రెండు పొడవుల భేదము. లోతీగ రెండు కొనలకు అతికిన లోహపు దిమ్మెల, అనగా నిపుళ్ల, నడుమ పొడవు 1250 మి.మీ., తొడుగు పొడవు 1130 మి.మీ. అయినచో, భేదము 120 మి.మీ. ఇదియే తొడుగునుండి బయటికి కానవచ్చు తీగభాగము. లివరు లోపల కొంత, క్రింది కొనయందు కొంత. బారును ఎత్తుచేసి తొడుగును 150 మి.మీ. పెంచవలసి వచ్చినచో లోతీగను సరిగా అంతే పెంచవలెను; 120 మి.మీ. భేదము చెక్కుచెదరరాదు. తొడుగు మాత్రమే పెరిగినయెడల అది లోతీగను లాగిపట్టినట్లే యగును. లోతీగ మాత్రమే పెరిగినయెడల లివరు పిడికి తగులువరకు వచ్చినను ఆవలి కొన కదలదు.

కేబులు కొనకు అమర్చిన అడ్జస్టరును గమనించిన ఈ సూత్రము ప్రత్యక్షమగును. మెకానిక్కు అడ్జస్టరును విప్పుచు కేబులును బిగించుట చూచి క్రొత్తవాడు ఆశ్చర్యపడును. అడ్జస్టరు తీగను తాకనైనను తాకదు. అది మరలు గల బోలు గొట్టము మాత్రమే. దానిని విప్పిన కొలది తొడుగునకు ఆనిక దూరమై, తొడుగు పొడవు పెరిగినట్లగును. భేదము తగ్గి తీగ బిగియును. బ్రిటిషు పద్ధతిలో చేసిన పాతబండ్లలో అంగుళమునకు 26 మరలు గల అడ్జస్టర్లు విశేషముగా కనబడును. అందు ఒక చుట్టు త్రిప్పిన కలుగు మార్పు ఒక మి.మీ.కు ఇంచుక తక్కువ. అందుచేత అడ్జస్టరు రెండుమూడు మి.మీ. అరుగుదలను సరిదిద్దుటకు ఏర్పడినది గాని పది సెంటీమీటర్ల బారు మార్పును కప్పిపుచ్చుటకు కాదు.

ఇక బారు త్రిప్పిన ఇంజను వేగమేల పెరుగునో చూతము. ఫోర్కు ఇరుసునుండి లివరు 25 సెం.మీ. దూరమున నున్నదనియు, బారు ఒక ప్రక్కకు 35 డిగ్రీలు తిరుగుననియు అనుకొన్నచో, ఆ లివరు సుమారు 15 సెం.మీ. చాపము మేర కదలును. ఎడమకు త్రిప్పినపుడు కుడిచేతి పిడి ముందునకు, కార్బురేటరుకు దూరముగా పోవును. యాక్సిలేటరు తొడుగున తగినంత వదులు లేకున్న దాని కొన ఆనికనుండి ఊడివచ్చి ప్రక్కకు ఒరుగును. లోతీగ లాగబడి, కార్బురేటరులో గాలిదారిని తెరచు స్లైడు లేచును.

తొడుగునకు పొడవు చాలియున్నను ఒక చిన్న మార్పు తప్పదు. దగ్గరగా చుట్టిన స్ప్రింగుగొట్టము వంగినపుడు వంపు లోపలి ప్రక్కన చుట్టునకు చుట్టు ఇదివరకే ఆనియుండుటచే అటు కుదించుకొనజాలదు. వెలుపలి ప్రక్కన చుట్లు విడివడును. ఫలితముగా గొట్టపు నడిమిరేఖ పొడవు కొంత పెరుగును. లోతీగయో వంపు లోపలి గోడను ఆనుకొని దగ్గరిదారి పట్టజూచును గాని, చుట్లు ఒకదానినొకటి తాకు రేఖవరకు పోలేదు. ఆ రెంటి నడిమి ఎడము 1.5 మి.మీ. అయినచో, 35 డిగ్రీల అదనపు వంపునకు కేబులు దాదాపు 0.9 మి.మీ. బిగియును. కార్బురేటరు స్లైడు అంతమాత్రము లేచినను ఇంజను వేగము చెవికి తెలియునంతగా పెరుగును. యాక్సిలేటరు పిడి యందు తీగకు ఒకటి రెండు మి.మీ. వదులు, అనగా ఫ్రీ ప్లే, ఉంచుమని చెప్పుట ఊరక పుట్టిన ఆచారము కాదు. ఈ బిగువును మింగుటకు ఆ వదులు కావలెను. ఇట్టి స్వల్పభేదమును సహింపజాలని సైకిలు గేర్లకు, చుట్టు తీగకు బదులు నిడుపుతీగలు పేర్చిన తొడుగును తరువాతి కాలమున వాడుకలోనికి తెచ్చినది ఇందుకే.

వంపుల వెల

పొడవు సమస్య తీరిన పిమ్మట ఘర్షణ సమస్య నిలుచును. పొగరెక్కిన ఎద్దు పగ్గమును రెండుమూడు చుట్లు కట్టుకొయ్యకు త్రిప్పి కొన పట్టుకొన్న బాలుడు దానిని నిలువరింపగలడు. బలము బాలునిది కాదు, కొయ్యకును పగ్గమునకును గల ఘర్షణది. 18వ శతాబ్దపు గణితవేత్త ఆయిలరు పరిశీలించిన ఈ విషయమే తొడుగులో వంగిన తీగకును వర్తించును. దాని సారాంశము రెండు మాటలలో చెప్పవచ్చును: బలనష్టము వంపు విశాలమా ఇరుకా అనుదానిని బట్టి కాక తీగ మొత్తము మీద తిరిగిన కోణమును బట్టి యుండును, ఆ కోణము పెరిగిన కొలది నష్టము కూడికగా కాక గుణకారముగా పెరుగును.

అంకెలలో చూచిన ఇది స్పష్టమగును. లివరు కడ తీగను 30 కిలోల బలముతో లాగినామనుకొందము. నూనె పట్టిన కేబులులో ఘర్షణ గుణకము 0.1 అనుకొన్న, 180 డిగ్రీలు తిరిగిన తరువాత ఆవలి కొనకు చేరునది 22 కిలోలు. 270 డిగ్రీలకు సుమారు 19. 360 డిగ్రీలకు 16. అదే కేబులు ఎండి, త్రుప్పుపట్టి, గుణకము 0.2కు పెరిగినచో 180 డిగ్రీలకే 16 కిలోలకు దిగజారును. మొత్తము కోణమును లెక్కించునపుడు కుడికి తిరిగిన 90 డిగ్రీలును ఎడమకు తిరిగిన 90 డిగ్రీలును ఒకదానినొకటి కొట్టివేయవు. రెండును కలిసి 180 అగును. పొట్టిబారు వేసి పాత పొడవాటి కేబుళ్లనే ఉంచుకొన్నవారి బండ్లలో హెడ్‌లైటు ముందు పైకి లేచి, మెలిదిరిగి, వెనుకకు దిగు ఉచ్చులు మనము తరచు చూచునవే. అవి చూపునకు వికారముగా నుండుటయే కాదు, ప్రతి బ్రేకు నొక్కులోను చేతిబలమును హరించుచుండును. కనుక పొట్టి బారునకు పొట్టి కేబులు, ఎత్తు బారునకు పొడవు కేబులు వేయుట విధి.

వంపు ఇరుకైనంత మాత్రమున బలము ఎక్కువగా పోదనుట లెక్క వరకే నిజము. మిక్కిలి ఇరుకైన వంపులో తీగపోగులు పదేపదే వంగి నిటారై అలసి తెగును. తొడుగు చుట్లు శాశ్వతముగా విడివడును. పై ప్లాస్టిక్కు పొర చిట్లి నీరు చొరబడును. కాబట్టి దారి విశాలముగాను, మొత్తపు కోణము స్వల్పముగాను ఉండునట్లు కేబులును నడపవలెను. నూనె పోయుట సులభమే: కేబులును విప్పి నిలువుగా వ్రేలాడదీసి, పై కొనకు పాలిథీను ముక్కను గరాటుగా కట్టి, పలుచని నూనె పోసి రాత్రంతయు విడిచిపెట్టవలెను. ఉదయమున క్రిందినుండి ఎఱ్ఱని త్రుప్పునీరువంటి నూనె కారినయెడల లోపలి స్థితి తెలిసినట్లే. నైలాను, టెఫ్లాను పొరలు గల క్రొత్త తొడుగులకు మాత్రము చిక్కని గ్రీజు పనికిరాదు. అది దుమ్మును పట్టి పేరుకొని, నున్నని పొర వలన కలిగిన లాభమును చెరచును.

లివరు మారిన లెక్క మారును

బారుతో పాటు లివర్లను గూడ మార్చువారు మరియొక విషయమును గమనింపవలెను. లివరు తిరుగు పిన్ను నడుమనుండి నిపుల్ కూర్చుండు రంధ్రపు నడుమకు గల దూరము బ్రిటిషు లివర్లలో రెండు విధములుగా కనబడును: అంగుళములో ఎనిమిదింట ఏడు వంతులు, అనగా 22 మి.మీ.; ఒక అంగుళమును పదునారవ వంతును, అనగా 27 మి.మీ. వేళ్లు పట్టు చోటు పిన్నునుండి 130 మి.మీ. దూరమున నున్నదనుకొన్న, మొదటి లివరు చేతిబలమును సుమారు 6 రెట్లు చేయును, రెండవది 5 రెట్లకు లోపుగా. అయిదు కిలోల పట్టు మొదటిదానిలో 30 కిలోలకు దగ్గరగును, రెండవదానిలో 24 కిలోలు మాత్రమే. కాని రెండవది తీగను దాదాపు నాలుగవ వంతు ఎక్కువ దూరము లాగును. బలము వచ్చినచోట దూరము పోవును. దూరము వచ్చినచోట బలము పోవును. క్లచ్చు పూర్తిగా విడువడుటకు వలసిన దూరము చాలని లివరు వేసినచో గేర్లు గరగరలాడును. బ్రేకునకు బలము చాలని లివరు వేసినచో బండి ఆగవలసినచోట ఆగదు. లివరు మారినపుడు నిపుల్ రంధ్రమునుండి తొడుగు ఆనికకు గల ఎడమును మారును గనుక, మనము కాపాడవలెనన్న భేదము కూడ మారును. దానిని తిరిగి కొలుచుకొనవలెను.

యాక్సిలేటరు పిడి యందును ఇదే న్యాయము. 24 మి.మీ. వ్యాసము గల కార్బురేటరు పూర్తిగా తెరచుకొనవలెనన్న స్లైడు అంత ఎత్తు లేవవలెను. పిడి లోపలి చక్రపు వ్యాసార్ధము 15 మి.మీ. అయినచో, పావు చుట్టు త్రిప్పిన తీగ సుమారు 23.6 మి.మీ. కదలును, అనగా ఒక్క మణికట్టు తిప్పుతో పని ముగియును. అంతకంటె చిన్నచక్రము గల పిడిని వేసినచో చేయి రెండుమార్లు పట్టు మార్చవలసి వచ్చును.

బారు వెడల్పును గూర్చి ఒక్క మాట. 70 సెం.మీ. వెడల్పు గల బారును తీసి 60 సెం.మీ. బారును వేసినచో, ఇరుసునుండి చేతికి గల దూరము 35 నుండి 30 సెం.మీ.కు తగ్గును; అంతే త్రిప్పుబలమునకు చేయి ఆరవ వంతు ఎక్కువ శ్రమపడవలెను.

కొలుచుట, టంకము వేయుట

క్రొత్త కేబులు పొడవును బారు ఎత్తులోని పెరుగుదలను బట్టి ఊహింపరాదు. బారు 10 సెం.మీ. పైకి, 5 సెం.మీ. వెనుకకు జరిగినదనుకొనుడు. ఋజురేఖపై ఆ దూరము 11 సెం.మీ.కు ఇంచుక ఎక్కువ. కాని కేబులు మొదట లివరునుండి ముందునకు సాగి, తరువాత వంగి క్రిందికి దిగును గనుక దాని దారి 15 సెం.మీ. వరకు పెరుగవచ్చును. కొలతకు ఉత్తమసాధనము పనికిరాని పాత అవుటరు ముక్కయే. దారమైనచో అది ఇరుకు వంపులను కూడ అంగీకరించి మోసగించును. ఆ ముక్కను క్రొత్త దారివెంట నడపి, అక్కడక్కడ వదులుగా కట్టి, బారును ఒక చివరనుండి మరొక చివరకు త్రిప్పి చూడవలెను. బుల్లెట్టులో హెడ్‌లైటు, స్పీడోమీటరు, అమ్మీటరు ఇమిడియున్న అల్యూమినియపు పోత ఫోర్కుతో పాటు తిరుగును. దానికిని పెట్రోలు ట్యాంకునకును నడుమ కేబులు నలుగకుండ చూడవలెను. ఏ స్థితిలోను తొడుగు బిగియక, ఎచటను చిక్కుపడక యున్న పొడవే కావలసిన తొడుగు పొడవు. అడ్జస్టర్లను మరల మధ్యభాగమున నిలిపి, పాత కేబులు నుండి కొలిచిన భేదమును దీనికి కలిపిన లోతీగ పొడవు వచ్చును.

పాతబండ్లకు ఇట్టి ప్రత్యేకపు పొడవులు సిద్ధముగా దొరకవు గనుక లోతీగకు నిపుల్ వేయుట చేతనైనవాడు అదృష్టవంతుడు. తొడుగును, దాని కొనటోపీలను ముందుగా తీగకెక్కించి, ఆపైన ఇత్తడి నిపుల్‌ను తీగకు జొనిపి, కొనను పోగుపోగుగా విప్పి, సన్నని సుత్తితో మెల్లగా తట్టి పూవువలె విరియజేయవలెను. ఆ విరిసిన పోగులు నిపుల్ తలలోని గుంటయందు కూర్చుండును. టంకము ఏనాడైన బలహీనపడినను ఆ పోగులు రంధ్రముగుండ జారిపోలేవు. తరువాత తీగ జిడ్డును పెట్రోలుతో కడిగి, ఫ్లక్సు పూసి, కరగిన టంకములో నిపుల్‌ను ముంచి, లోహము పోగుల నడుమకు పాకువరకు ఉంచి తీయవలెను. కళాయి పోయువారు వాడు నవాసాగరము వంటి లవణములను ఫ్లక్సుగా వాడినయెడల వేడినీటితో శుభ్రముగా కడుగుట మరువరాదు. మిగిలిన లవణము ఉక్కుపోగులను తినివేయును.

ఇక్కడ మెత్తని టంకమునే వాడుమనుటకు కారణము లోహశాస్త్రములో నున్నది. లోతీగ పోగులు అధిక కర్బనము గల ఉక్కును చల్లని స్థితిలో అచ్చురంధ్రములగుండ లాగి సన్నము చేసినవి. వాని బలములో అధికభాగము ఆ సాగదీతచే వచ్చినది. 60 పాళ్లు తగరము, 40 పాళ్లు సీసము గల టంకము 183 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరుగనారంభించి 190 డిగ్రీలకు పూర్తిగా ద్రవమగును. ఆ వేడిమికి ఉక్కు తన బలమును కోల్పోదు. ఇత్తడి అతుకుకు 800 డిగ్రీలకు పైబడిన వేడి కావలెను. ఆ వేడికి ఉక్కు మెత్తబడి, సాగదీతచే సంపాదించిన శక్తినంతయు పోగొట్టుకొనును. గట్టిగా నుండునని ఇత్తడితో అతికించిన నిపుల్ ఊడదు. దాని ప్రక్కననే తీగ తెగును.

తీగ సాధారణముగా తెగు చోటును నిపుల్ ప్రక్కనే. లివరు తిరిగిన కొలది నిపుల్ తన రంధ్రములో తానును తిరుగవలెను. అది త్రుప్పుపట్టి బిగిసినచో, ప్రతి పట్టులోను తీగ అదే బిందువు కడ వంగి నిటారగును. లోహము అలసి, మొదట ఒక పోగు, పిమ్మట రెండవది తెగి, కొన ముండ్లవలె పైకి లేచును. లివరును ఒరగబెట్టి ఆ చోటును వ్రేలితో తడవిన ముల్లు గ్రుచ్చుకొనును; అది కనబడిన నాడే కేబులు మార్చవలెను. నిపుల్ రంధ్రమున ఇంత గ్రీజు రాచిన చాలు, ఆ దినము చాల కాలము రాకుండును.

పరీక్ష

అమరిక ముగిసిన తరువాత పరీక్ష మొదట ఇంజను ఆపియుంచియే చేయవలెను. యాక్సిలేటరును పూర్తిగా త్రిప్పి వదలిన స్లైడు టక్కుమని క్రిందికి పడవలెను. బారు నిటారుగా నున్నపుడును, రెండు చివరలకు తిరిగియున్నపుడును ఆ శబ్దము ఒకే తీరున వినబడవలెను. శబ్దము మందగించిన దిక్కున కేబులు ఎచటనో పట్టుచున్నదన్నమాట. క్లచ్చు లివరు మొదట రెండు మూడు మి.మీ. తేలికగా కదలి, ఆపైన బరువు తెలియవలెను. ముందు చక్రమును నేలనుండి లేపి త్రిప్పిన అది రాపిడి లేక తిరుగవలెను. డీకంప్రెసరు లివరును వదలి కిక్కును మెల్లగా నొక్కిన కంప్రెషను కాలికి ఎదురు తగులవలెను. ఇవన్నియు సరియైన పిమ్మటనే ఇంజనును నడిపి, బండి నిలిచియుండగనే బారును అటునిటు త్రిప్పి, దాని స్వరము మారకున్నదా యని వినవలెను.

బౌడెన్ యుపాయము మోటారు సైకిళ్లతో ఆగలేదు. ఆటోరిక్షా క్లచ్చు, పొలములో తిరుగు పవర్ టిల్లరు లివరు, చేయి కోల్పోయినవాని భుజపు కదలికతో కృత్రిమహస్తపు వ్రేళ్లను మూయు తీగ, ఇవన్నియు ఈ జంటతోనే పనిచేయుచున్నవి. వీనిలో దేనిని సరిచేయబోయినను మొదట అడుగవలసిన ప్రశ్న ఒకటే: తొడుగు దేనికి ఆని నెట్టుచున్నది? పాతబండి గలవాడు ప్రతి కేబులునకు తొడుగు పొడవు, లోతీగ పొడవు, ఆ రెంటి భేదము అను మూడు అంకెలను ఒక పుస్తకములో వ్రాసియుంచుకొనవలెను. బారు మారిన మొదటి రెండును మారును. మూడవది మారవలసినది లివరుగాని, క్రింది ఆనికగాని మారినపుడు మాత్రమే. ఆ మార్పు లేకయే అది మారియున్నచో కొలతలో తప్పు దొరలినదని గ్రహించి, టంకము వేయకముందే మరల కొలువవలెను.